సింకు కింద టార్చి వేసి చూశాకే తలుపుల సంగతి

ప్రశ్న: నమస్కారమండీ. మాది కాకినాడ. అపార్ట్‌మెంటులో రెండో అంతస్తు. పన్నెండేళ్ళ కిందట గృహప్రవేశానికి ముందు మాడ్యులర్ కిచెన్ చేయించుకున్నాం. ఎల్ ఆకారం గట్టు, ఒక పక్క 10 అడుగులు, ఇంకో పక్క 6 అడుగులు. తలుపులు మీగడ రంగువి, మీద గాడి డిజైను ఉంటుంది. ఇప్పుడు పొయ్యి పక్క తలుపులకు పైపొర అరటితొక్కలా ఊడొస్తోంది. సింకు కింద తలుపులు అడుగున ఉబ్బిపోయి మూతపడటం లేదు. రెండు తలుపులు హింజులు ఊడి వేలాడుతుంటే మా వారు తాడు కట్టారు. పై కప్‌బోర్డులు మాత్రం రంగు పసుపెక్కడం తప్ప బాగానే ఉన్నాయి.

తెలిసిన కార్పెంటరు పాత తలుపుల మీదే కొత్త సన్‌మైకా అంటించేస్తానన్నాడు, 45 వేలు. కిచెన్ల కంపెనీ అబ్బాయి వచ్చి చూసి, మొత్తం పీకేసి కొత్తది పెట్టాల్సిందే అన్నాడు, 4 లక్షల 20 వేలు. మా వారు "ఒకేసారి కొత్తది వేయించేద్దాం, మాటిమాటికీ ఎవరు చూస్తారు" అంటున్నారు. తలుపులు పాడైతే వంటిల్లంతా పీకడం ఏమిటని నా బాధ. పైగా కింది అరలోంచి పప్పుల డబ్బా తీయాలంటేనే మోకాళ్ళు పట్టేస్తున్నాయి, నెలల తరబడి దుమ్మూ ధూళీ భరించే ఓపిక ఎక్కడిది? సంక్రాంతికి అమ్మాయి, అల్లుడు, పిల్లలు వస్తున్నారు. ఏం చేయమంటారు?

— ఒక పాఠకురాలు, కాకినాడ

జవాబు: మీ కార్పెంటరూ, ఆ కంపెనీ అబ్బాయీ ఇద్దరూ తలుపులు చూసే ధర చెప్పారు. వెనకాల ఉన్న పెట్టెల్ని ఇద్దరిలో ఎవరూ తట్టి చూసినట్టు మీ ఉత్తరంలో లేదు. తలుపు ఎంత పాడైనా పెట్టె గట్టిగా ఉంటే మీ మాటే రైటు. పెట్టె పుచ్చిపోయి ఉంటే మాత్రం మీ వారి మాట రైటు. కాబట్టి ఎవరికీ అడ్వాన్సు ఇవ్వకుండా ముందు ఒక సాయంత్రం నేను చెప్పే పని చేయండి. ఒక టార్చి, ఒక స్క్రూడ్రైవరు, ఒక టేపు చాలు.

సింకు కింది అరతో మొదలుపెట్టండి. వంటింట్లో ముందు పోయేది అదే. అందులోని సబ్బులు, పాత గుడ్డలు, చీపుళ్ళు అన్నీ బయట పెట్టి, అడుగు పలకనూ వెనక పలకనూ స్క్రూడ్రైవరు మొనతో అక్కడక్కడా నొక్కి చూడండి. మొన దిగకపోతే చెక్క బతికే ఉంది. తడిసిన బిస్కెట్టులోకి దిగినట్టు దిగిపోతే ఆ పెట్టె పని అయిపోయింది. మూలల్లో మట్టి గీతల్లాంటివి పైకి పాకుతూ కనిపిస్తే చెదలు. సన్నటి పిండిలాంటి పొడి రాలి ఉంటే పుచ్చు పురుగు. ఈ రెండిట్లో ఏది కనిపించినా మిగతా పెట్టెల్ని కూడా ఒక్కొక్కటే ఖాళీ చేసి చూడాల్సిందే. చెదలు పట్టిన పెట్టెకు కొత్త తలుపు బిగించడం దండగ.

తర్వాత ఊడిపోయిన తలుపు ఒకటి చేతిలోకి తీసుకుని, హింజు కూర్చునే గుండ్రటి గుంట చూడండి. దాని వెడల్పు 35 మిల్లీమీటర్లు ఉంటుంది. తలుపు లోపల ఏముందో ఆ గుంటే చెబుతుంది. అంచున పొరలు పొరలుగా గీతలు కనిపిస్తే ప్లైవుడ్. గీతల్లేకుండా అట్టలా నున్నగా గోధుమరంగులో ఉంటే ఎండీఎఫ్, అంటే చెక్క నారను జిగురుతో నొక్కి చేసిన బోర్డు. చెక్క పెచ్చులు అతికించినట్టు ఉంటే పార్టికల్ బోర్డు. మీరు రాసిన గాడి డిజైనూ, తొక్కలా ఊడిరావడమూ చూస్తే మీవి ఎండీఎఫ్ మీద పీవీసీ పొర వేసిన మెంబ్రేన్ తలుపులే అనిపిస్తోంది. పన్నెండేళ్ళ కిందట మన ఊళ్ళలో అవి బాగా నడిచాయి. పలక మీద గాడి చెక్కి, పీవీసీ పొరను వేడిచేసి, గాలి లాగేసి దానికి అతికిస్తారు. ఏ వేడితో అతుక్కుందో ఆ వేడికే ఊడుతుంది కాబట్టి పొయ్యి పక్కవి ముందుగా లేస్తాయి. రోజుకు మూడుసార్లు తాలింపు వేసే ఇంట్లో పన్నెండేళ్ళు వచ్చాయంటే నన్నడిగితే బాగా వచ్చినట్టే.

పెట్టెల్ని కూడా ఇలాగే చూడండి. హింజు బిగించిన చోట ఒక స్క్రూ విప్పి మళ్ళీ తిప్పండి. రెండు మూడు తిప్పుల్లో బిగుసుకుంటే పెట్టె గోడకు ఇంకా పట్టు ఉంది. ఎంత తిప్పినా తిరుగుతూనే ఉంటే ఆ రంధ్రం అరిగింది. ఒక రంధ్రం అరిగినంత మాత్రాన పెట్టె పోయినట్టు కాదు. జిగురులో ముంచిన వెదురు పుల్ల ముక్కలు అందులో కొట్టి, ఆరాక కొత్త రంధ్రం వేస్తారు, లేదంటే హింజును రెండంగుళాలు పైకి జరుపుతారు. మీ తాడు కట్టిన తలుపుల కథ ఇంతే అయి ఉండొచ్చు. ఇక టేపు పెట్టి పెట్టె నోటిని మూల నుంచి మూలకు రెండు వైపులా కొలవండి. రెండు కొలతలూ ఒకటే వస్తే పెట్టె నిటారుగా ఉంది. రెండు మూడు మిల్లీమీటర్ల తేడాను హింజు స్క్రూలతో సర్దేయొచ్చు. ఒక సెంటీమీటరు తేడా ఉంటే పెట్టె ఒరిగిపోయిందని అర్థం, దానికి ఎంత మంచి తలుపు పెట్టినా వంకరగానే వేలాడుతుంది.

ఇంకొకటి కూడా చూడాలి. డబ్బు లెక్క అసలు మారేది దీనితోనే. మీ గట్టు మీది గ్రానైటు దేని మీద కూర్చుంది? మన వైపు చాలా ఇళ్ళలో బిల్డరు ముందే కడప బండలు నిలబెట్టి, వాటి మీద గ్రానైటు పరిచి ఇస్తాడు. మాడ్యులర్ వాళ్ళు వచ్చి ఆ బండల మధ్య పెట్టెలు దూరుస్తారు. అలా ఉంటే మీరు అదృష్టవంతులు. ఏ పెట్టెనైనా విడిగా లాగేసి మార్చుకోవచ్చు, గ్రానైటు కదలదు. అలా కాకుండా పెట్టెల నెత్తినే గ్రానైటు పెట్టి ఉంటే, పెట్టె తీయాలంటే ముందు బండ లేపాలి. సింకు కోసం, పొయ్యి కోసం కోసిన చోట బండ సన్నటి పట్టీలాగే మిగులుతుంది. లేపేటప్పుడు పగిలేది అక్కడే. బండ పగిలితే కొత్త బండ, దాన్ని పీకినప్పుడు వెనక టైల్సు దెబ్బతింటే కొత్త టైల్సు, ఆ పైన ప్లంబరు. కంపెనీ చెప్పిన 4 లక్షల 20 వేలలో ఇవన్నీ ఉన్నాయో లేదో అడగండి. నేను చూసిన కొటేషన్లలో చాలావాటికి "సివిల్ వర్క్ అదనం" అని చివర్లో ఒక చిన్న లైను ఉంటుంది. తెలుసుకోవడం కష్టమేమీ కాదు. కింది అరలో తల పెట్టి టార్చి పైకి వేయండి. రెండు పెట్టెల నడుమ నల్లటి రాతి పలక అంచు కనిపిస్తే కడప బండే.

ఇప్పుడు సన్‌మైకా మాటకొస్తాను. పాత తలుపు మీద కొత్త మైకా అంటించడం చెడ్డ పనేమీ కాదు, కానీ అది ఎక్కడ పడితే అక్కడ కుదరదు. తలుపు చదునుగా ఉండాలి, లోపల ప్లై గట్టిగా ఉండాలి, అంచులు ఉబ్బకూడదు. మీ తలుపులకు గాడి ఉంది. గాడి మీద మైకా అంటిస్తే కింద బోలుగా ఉండిపోతుంది, వేలు గట్టిగా తగిలితే పగులుతుంది. గాడిని పుట్టీతో పూడుస్తానంటాడు. ఆ పుట్టీ పీవీసీ పొర మీద కూర్చుంటుంది, ఆ పొర ఇప్పటికే ఊడిపోతోంది. ఊడే దాని మీద ఎంత మంచి ఫెవికాల్ రాసినా రెండూ కలిసే ఊడతాయి. ఉబ్బిన ఎండీఎఫ్ మళ్ళీ దిగదు, ఎండలో పెట్టినా, బరువు పెట్టినా అంతే. కాబట్టి ఆ 45 వేల పని వద్దే వద్దు. మీ కార్పెంటరు మోసం చేస్తున్నాడని అనను, అతను ప్లై తలుపులకు చేసే పనే దీనికీ చెప్పి ఉంటాడు.

నేనూ ఒకసారి ఇలాంటి కక్కుర్తే పడ్డాను. మా ఇంట్లో ఉన్నవి చదునైన ప్లై తలుపులే, అంటే అంటించడానికి పనికొచ్చేవే. పాత మైకాను సాండ్‌పేపరుతో బాగా గరుకు చేసి, రబ్బరు జిగురు రెండు వైపులా రాసి, చేతికి అంటని దాకా ఆరాక అతికించాలి. దుమ్ము లేస్తుందని నేనే గోల పెడితే మేస్త్రీ పైపైన రుద్ది అంటించేశాడు. మే నెల ఎండలకు నాలుగు మూలలు లేచాయి. అది చాలదన్నట్టు పాత అంచు పట్టీ మీదే కొత్త పట్టీ వేయడంతో జంట తలుపుల మధ్య సందు మూసుకుపోయి ఒకటి తీస్తే రెండోది కూడా వచ్చేది. తప్పు నాదే కాబట్టి ఎవరినీ అనడానికి లేకపోయింది.

అద్దె ఇంట్లో ఉన్నవాళ్ళయితే ఆన్‌లైన్‌లో దొరికే స్టిక్కరు రోల్సు అంటించుకుని రెండేళ్ళు గడిపేయొచ్చు. సొంతింటికి, అందులోనూ పొయ్యి పక్కన, అది వద్దు.

మీ పెట్టెలు గట్టిగా ఉంటే నా సలహా ఇది. పెట్టెలు అలాగే ఉంచి తలుపులన్నీ కొత్తవి చేయించండి. పైవి బాగానే ఉన్నాయి కదా, కిందివి మార్చి వాటిని వదిలేద్దామా అంటే, పన్నెండేళ్ళకు పసుపెక్కిన మీగడ రంగుకు జోడీ దొరకదు. దొరికించే ప్రయత్నం కూడా చేయకండి. ఖర్చు తగ్గించుకోవాలంటే కింద ఒక రంగు, పైన కావాలనే వేరే లేత రంగు వేసుకునే పద్ధతి ఇప్పుడు అందరూ ఒప్పుకుంటున్నారు. అప్పుడు పై తలుపుల్ని ఇంకో మూడేళ్ళు లాగొచ్చు. కానీ పొయ్యి పైన ఉన్నవి మాత్రం ఇప్పుడే మార్చేయండి, అవి కూడా ఎలాగూ ఊడతాయి.

ఎంత చెక్క పడుతుందో మీరే లెక్క వేసుకోవచ్చు. మూల పోగా కింది గట్టు పొడవు సుమారు 14 అడుగులు, తలుపు ఎత్తు రెండుంపావు అడుగులు, అంటే 31.5 చదరపు అడుగులు. పైన 10 అడుగులు, ఎత్తు 2 అడుగులు అనుకుంటే 20. రెండూ కలిపి 52 లోపే. ఒక ప్లై షీటు 8 అడుగులు × 4 అడుగులు, అంటే 32 చదరపు అడుగులు. కోతలో పోయేది, చివర కనిపించే పక్క పలకలు కలుపుకున్నా తలుపుల వరకు మూడు షీట్లు దాటే పని కాదు. అయిదు షీట్లు తెమ్మంటే ఎందుకని అడగండి. చెక్క గీతల డిజైను మైకా ఎంచుకుంటే గీతలన్నీ ఒకే వైపు నిలబడాలి కాబట్టి మైకా వృథా కొంచెం పెరుగుతుంది. సాదా రంగుకు ఆ బాధ లేదు.

తలుపుకు 18 మిల్లీమీటర్ల ప్లై, బయట 1 మిల్లీమీటరు మైకా, లోపల కూడా పల్చటి మైకా. లోపల ఎవరు చూస్తారులే అని పెయింటు వేసి వదిలేయనివ్వకండి. ఒక వైపే మైకా ఉన్న పలక ఒక వైపుకే వంగుతుంది, అందం కోసం కాదు అది. నాలుగు అంచులకూ పట్టీ వేయించండి. కింది అంచును ఎవరూ చూడరని చాలామంది మేస్త్రీలు వదిలేస్తారు. మనమేమో నేల కడిగి నీళ్ళు చిమ్మేవాళ్ళం. ఉబ్బడం మొదలయ్యేది ఆ అంచు నుంచే. మీ సింకు తలుపులు అడుగునే ఉబ్బాయని మీరే రాశారు.

ప్లై కొనేటప్పుడు షీటు మీద ముద్ర చూడండి. ఐఎస్ 710 అని ఉంటే మెరైన్ ప్లై, దాని జిగురును 72 గంటలు మరిగే నీళ్ళలో పెట్టి పరీక్షిస్తారు. ఐఎస్ 303 అని ఉండి ఎంఆర్ (కొద్దిపాటి చెమ్మకు ఓర్చేది) అని రాసి ఉంటే అది మామూలు కమర్షియల్ ప్లై, బీరువాకు చాలు, వంటింటికి వద్దు. ఐఎస్ఐ గుర్తు కింద ఉండే లైసెన్సు నంబరును బీఐఎస్ కేర్ యాప్‌లో కొట్టి చూడొచ్చు, మీ అల్లుడికి చెబితే నిమిషంలో చూసిపెడతాడు. అంత దూరం ఎందుకనుకుంటే కోతలో మిగిలిన ముక్కను పాత గిన్నెలో వేసి పూటంతా ఉడకబెట్టండి. పొరలు విడిపోతే ఆ షీట్లు షాపుకు వెనక్కి పంపేయండి. నున్నగా, అద్దంలా మెరిసే తలుపులే కావాలంటే ప్లై కన్నా హెచ్‌డీహెచ్‌ఎంఆర్ బోర్డు, అంటే చెమ్మకు ఓర్చేలా దట్టంగా నొక్కి చేసిన చెక్క నార బోర్డు, చదునుగా వస్తుంది. మెరుపు మీద నూనె వేళ్ళ మరకలు మాత్రం రోజూ తుడవాలి. నాకైతే మ్యాట్ ఇష్టం.

హింజులు అన్నీ మార్చేయండి, పాతవి ఒక్కటి కూడా వద్దు. మీది సముద్రం ఊరు. ఉప్పు గాలికి మామూలు ఇనుప హింజు పూత లేచిపోయి తుప్పు పడుతుంది, అక్కడి నుంచి కిర్రుమనడం, తర్వాత వేలాడటం. 304 రకం స్టెయిన్‌లెస్ స్టీలు హింజులు అడగండి. కొంచెం ఖరీదే గానీ కాకినాడలో అవి దండగ కాదు. షాపుకు వెళ్ళేటప్పుడు పాత హింజులు రకానికొకటి పట్టుకెళ్ళండి. చివరి తలుపుకు ఒక రకం, రెండు తలుపులు ఒకే పలక మీద కూర్చునే చోట ఇంకో రకం ఉంటుంది, దీన్నే జీరో క్రాంక్, 8 క్రాంక్ అంటారు. అవి తారుమారైతే తలుపులు ఒకదాన్నొకటి గుద్దుకుంటాయి.

సింకు కింది పెట్టె మాత్రం చాలామటుకు పోయే ఉంటుంది. దాన్ని బాగుచేయించే ముందు నీరు ఎక్కడి నుంచి వస్తోందో పట్టుకోండి. పైపు జాయింటా, సింకుకూ గ్రానైటుకూ మధ్య సిలికాన్ ఊడిందా, వెనక గోడ చెమ్మా? కార్పెంటరు కన్నా ముందు ప్లంబరు రావాలి. ఆ తర్వాత నేనైతే అక్కడ మళ్ళీ చెక్క పెట్టె పెట్టను. కడప బండలు ఉంటే అడుగు పలకే లేకుండా వదిలేసి, నేల టైల్సు అక్కడి దాకా పరిపించి, ముందు తలుపు ఒక్కటే బిగిస్తాను. నీళ్ళు కారినా తుడుచుకోవచ్చు, చెత్తబుట్ట లాగి కడుక్కోవచ్చు. బండలు లేకపోతే ఆ ఒక్క పెట్టెను పీవీసీ బోర్డుతో చేయించండి.

ఇక మోకాళ్ళ సంగతి. మీరు దుమ్ము గురించి చెబుతూ మాటవరసకు రాశారు గానీ, ఉత్తరం మొత్తంలో నన్ను ఆపిన వాక్యం అదే. తలుపు ఎంత కొత్తదైనా దాని వెనక లోతైన అర ఉన్నంతకాలం మీరు వంగి, మోకాలు నేలకు ఆనించి, ముందు డబ్బాలు తీసి వెనక డబ్బా వెతకాల్సిందే. కంపెనీ వాళ్ళు డ్రాయరు లాగి చూపించి మీ వారిని మెప్పించింది కూడా దీనితోనే అయి ఉంటుంది. ఆ డ్రాయరు కోసం కిచెనంతా పీకక్కర్లేదు. గట్టి పెట్టెలో అరలు తీసేసి, 20 అంగుళాల టెలిస్కోపిక్ చానెళ్ళు (డ్రాయరు జారే లోహపు పట్టాలు) బిగించి డ్రాయర్లు పెట్టొచ్చు. పెట్టె లోతు తక్కువైతే 18 అంగుళాలవి దొరుకుతాయి. ఎలాగూ తలుపులు కొత్తవి చేయిస్తున్నారు కాబట్టి, కింద పొయ్యికి రెండు పక్కలా ఉన్న అరలకు తలుపులకు బదులు డ్రాయరు ముఖాలు చేయించండి. పప్పులు, పిండి, నూనె అక్కడికి. ఎప్పుడో పండక్కి తీసే పెద్ద గిన్నెలు మిగిలిన అరల్లోకి. అన్నీ డ్రాయర్లు వద్దు, చానెళ్ళ ఖర్చు పెరిగిపోతుంది. చానెల్ ప్యాకెట్టు మీద ఎన్ని కిలోలు మోస్తుందో రాసి ఉంటుంది, బియ్యం డబ్బా అందులో పెట్టే ఆలోచన ఉంటే అది చూసి కొనండి.

మీ వారికి ఒక మాట. పెట్టెల్లో సగానికి పైగా మెత్తబడినా, చెదలు దొరికినా, లేకపోతే పొయ్యి, సింకు చోట్లే మార్చాలనుకున్నా అప్పుడు కొత్తది చేయించడమే చవక. పదేళ్ళలో రెండుసార్లు ఖర్చు పెట్టడం కన్నా అదే మేలు. అప్పుడు కూడా రెండు కంపెనీల్ని పిలిచి, చదరపు అడుగు లెక్కా, రన్నింగ్ అడుగు (ఉత్త పొడవు) లెక్కా, ముందు కనిపించే వైశాల్యమా, లోపలి పలకలన్నీ కలిపా అని అడిగి రాయించుకోండి. ఒకరు చెప్పిన అడుగూ ఇంకొకరు చెప్పిన అడుగూ ఒకటి కాకపోతే ధరలు పోల్చి లాభం లేదు.

సంక్రాంతికి సమయం ఉంది గానీ, అక్టోబరు, నవంబరుల్లో మీ తీరంలో వానలూ తుపాన్లూ తప్పవు. ముసురులో బాల్కనీలో కూర్చుని రబ్బరు జిగురు రాస్తే చెమ్మ పట్టి సరిగ్గా అతకదు. కొలతలు తీసుకుని, షెడ్డులో మెషీను మీద మైకా నొక్కించి, అంచులు మెషీను మీదే వేయించి తెచ్చే పనివాడిని చూసుకోండి. అలా అయితే ఇంట్లో దుమ్ము ఉండదు, పాతవి విప్పి కొత్తవి బిగించడం రెండు రోజుల పని. ఆ రెండు రోజులూ పొయ్యి కూడా వెలుగుతుంది.

పని అయ్యాక మిగిలిన మైకా ముక్క ఒకటి అడగండి. వెనకాల షేడ్ నంబరు, తేదీ రాసి, రెండు హింజులతో కలిపి అటక మీద పడేయండి. మూడేళ్ళ తర్వాత ఒక తలుపు మాడితే కార్పెంటరు చేతిలో పెట్టడానికి అదే ఉంటుంది.